తోలుగుడ్లు పెడుతున్న పెట్టలకు ఏం మేపాలి?

ప్రశ్న: మాది గుంటూరు, నల్లపాడు వైపు. పెరట్లో 4 గ్రామప్రియ పెట్టలు, 3 నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. పొద్దున్నే రాత్రి మిగిలిన అన్నం వేస్తాను. మధ్యాహ్నం నూకలు, సాయంత్రం తడిపిన తవుడు. పగలంతా దొడ్లోనే తిరుగుతాయి. రెండు నెలలుగా గుడ్ల పెంకు పలచబడింది. వారానికి ఒకటో రెండో తోలుగుడ్లు (గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు) కూడా వస్తున్నాయి. ఒక పెట్ట గుడ్డు పెట్టగానే పొడిచి తాగేస్తోంది. సొన పాలిపోయి ఉంటోంది. మందుల షాపులో ఇచ్చిన కాల్షియం టానిక్ నీళ్లలో కలుపుతున్నా తేడా లేదు. తాలు మిరపకాయలు దంచి పెడితే సొన ఎర్రబడుతుందని మా మరిది మిర్చి యార్డు నుంచి సంచెడు తెచ్చాడు. గేదెలకు వేసే పత్తి చెక్క కొంచెం పెట్టి చూడమని పక్కింటివాళ్లు అంటున్నారు. అజొల్లా (నీళ్ల మీద పెరిగే చిన్న మొక్క) మడి వేసుకోమని ఇంకొకరు. వీటిలో ఏది చెయ్యమంటారు? పొదుగు మీద కూర్చున్న పెట్టకు మేత వేరే పెట్టాలా?

— ఒక సోదరి, గుంటూరు

సమాధానం: అమ్మా, మీరు అడిగినవన్నీ కొత్తగా ఏం కలపాలన్న ప్రశ్నలే. నేను మాత్రం ఇప్పుడు పెడుతున్న దాంట్లో ఏది తగ్గించాలో ముందు చెబుతాను. అన్నం, నూకలు, తవుడు మూడూ ఒక్క వరి గింజ నుంచి వచ్చినవే. పూటకో రకం పెడుతున్నామని మీకు అనిపిస్తున్నా, కోడి మూడు పూటలా తింటున్నది వరే. కోడి తనకు కావలసిన శక్తి అందేదాకా తిని ఆపేస్తుంది. అన్నంతో, నూకలతో ఆ శక్తి త్వరగా అందిపోతుంది, మెడ కింద సంచి నిండిపోతుంది. ఆ తర్వాత మీరు మునగాకు వేసినా, గుల్ల (ఆల్చిప్పల పలుకులు) వేసినా నాలుగు సార్లు ముక్కుతో పొడిచి వదిలేస్తుంది.

లెక్క చూడండి. ఒక గుడ్డులో 6 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. 100 గ్రాముల అన్నం పెడితే అందులో ఉండేది 3 గ్రాములు కూడా కాదు, మిగతాది ఎక్కువగా నీళ్లూ పిండిపదార్థమే. నూకల్లో ప్రొటీన్ 8 శాతం. గుడ్లు పెట్టే కోడి మొత్తం మేతలో 16 నుంచి 18 శాతం ఉండాలి. నాటు పెట్ట ఏడాదికి పెట్టేది 60 నుంచి 80 గుడ్లు, కాబట్టి ఎలాగో నెట్టుకొస్తుంది. గ్రామప్రియ సంగతి వేరు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ ఆ రకాన్ని పెరటి పెంపకానికి, గుడ్ల కోసమనే తయారుచేసింది. అది నాటు పెట్టకు రెట్టింపు పైగా పెడుతుంది. పెట్టే గుణం దాని రక్తంలో ఉంది, ఆపుకోలేదు. మేతలో అందకపోతే తన ఎముకల్లోంచి సున్నం లాగి పెంకు కడుతుంది. అది కూడా చాలనినాడు తోలుగుడ్డు పెడుతుంది. మీ తోలుగుడ్లు ఆ నాలుగింటిలో ఏదో ఒకదానివే అయ్యుండాలని నా అనుమానం. రెండు రోజులు పొద్దున్నే గూటి దగ్గర కనిపెట్టి చూడండి, తెలిసిపోతుంది.

మరి ఇన్నాళ్లు బాగానే ఉండి ఈ రెండు నెలల్లోనే ఎందుకు వచ్చింది? ఎండల వల్ల. చలికాలంలో దొడ్లో పచ్చగడ్డి, పురుగులు, చెదలు, వానపాములు ఉంటాయి. మీ అన్నంలోని లోటును కోళ్లు అక్కడ పూడ్చుకుంటూ వచ్చాయి. చైత్రం దాటేసరికి నేల గట్టిపడింది, గడ్డి ఎండింది, పురుగు లోపలికి పోయింది. లోటు అలాగే మిగిలిపోయింది. ఇంకొకటి, కోడికి చెమట పట్టదు. ఒళ్లు చల్లబరచుకోవడానికి నోరు తెరిచి రొప్పుతుంది. అలా రొప్పినప్పుడు ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోతుంది. పెంకు తయారు కావడానికి కావలసిన కార్బొనేట్ దాన్నుంచే రావాలి. అందుకే గుంటూరు, విజయవాడ ఎండల్లో మంచి దాణా తినే కోళ్లు కూడా కాస్త పలచని పెంకు పెడతాయి. మీవాటికి రెండు దెబ్బలూ ఒకేసారి తగిలాయి.

ఇక ఏం పెట్టాలో చెబుతాను. తేలికైన దారి కావాలంటే దాణా కొట్లో లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల కోసం తయారుచేసిన దాణా) తెచ్చి, దొడ్లో తిరిగే గ్రామప్రియకు రోజుకు 70 గ్రాములు, నాటు పెట్టకు 50 గ్రాముల లెక్కన పెట్టండి. బయట తిరగకుండా గూట్లోనే ఉండే కోడికైతే 100 నుంచి 110 గ్రాములు కావాలి. 50 కిలోల బస్తా చవకని తెచ్చుకోవద్దు. మీ 8 కోళ్లకు రోజుకు అరకిలో దాకా పడుతుంది, అంటే ఆ బస్తా మూడు నెలల పైన ఉంటుంది. ఈలోగా వానలు వస్తాయి, దాణాకు బూజు పడుతుంది. విడిగా 10 కిలోలు తూచి ఇచ్చే కొట్టు చూసుకోండి.

ఇంట్లోనే కలుపుకుంటానంటే 10 కిలోలకు ఇలా: దంచిన మొక్కజొన్న నాలుగున్నర కిలోలు, నూకలు కిలో, సోయా చెక్క 2 కిలోలు, నువ్వుల చెక్క అరకిలో, తవుడు కిలోన్నర, గుల్ల పొడి 400 గ్రాములు, డి.సి.పి. (డైకాల్షియం ఫాస్ఫేట్) పొడి 100 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. కోళ్లకు వాడే విటమిన్, ఖనిజ లవణాల మిశ్రమం ప్యాకెట్ మీద రాసిన మోతాదులో కలపండి. మొక్కజొన్న దొరక్కపోతే జొన్నలు వేసుకోవచ్చు. ఇందులో ప్రొటీన్ 17 శాతం దాకా వస్తుంది. ఉప్పు మాత్రం చేతి అంచనాతో వెయ్యకండి, తూచి వెయ్యండి. అది ఎక్కువైతే కోళ్లు నీళ్ల విరేచనాలు పెడతాయి, మరీ ఎక్కువైతే చస్తాయి. పచ్చడి కలిపిన అన్నం, ఆవకాయ మాగాయ గిన్నెలు కడిగిన నీళ్లు కోళ్లకు పోసే ఇళ్లు మనవైపు చాలా ఉన్నాయి, అది మానాలి.

చెక్కలో బూజు సంగతి జాగ్రత్త. వేరుశనగ చెక్కలో ప్రొటీన్ 40 శాతానికి పైనే ఉంటుంది, కోళ్లు ఇష్టంగా తింటాయి, చాలామంది అదే వాడతారు. కానీ దానికి అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం చాలా తేలిగ్గా పడుతుంది. చెక్క పైకి బాగానే కనిపిస్తుంది. లోపల విషం ఉంటే కోడి కాలేయం దెబ్బతింటుంది, గుడ్లు తగ్గిపోతాయి. ఉడికించినా ఆ విషం పోదు. అందుకే పైన సోయా, నువ్వుల చెక్క రాశాను. వేరుశనగ చెక్కే దొరికితే ముక్క విరిచి చూడండి. లోపల పచ్చగానో నల్లగానో మచ్చ ఉన్నా, ముక్కిన వాసన కొట్టినా వద్దు. తవుడు కూడా ఇంతే. మిల్లు నుంచి తాజాగా తెచ్చిన తవుడు తియ్యగా వాసన వస్తుంది. అందులో నూనె ఉంటుంది కాబట్టి ఈ ఎండల్లో కొద్ది రోజుల్లోనే కారు వాసన పట్టేస్తుంది. రెండు వారాలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి. తడిపిన తవుడు పొద్దున పెట్టింది సాయంత్రం దాకా గిన్నెలో ఉండనివ్వద్దు. పుల్లబడ్డ తవుడు తిని కోళ్లు విరేచనాలు పెడుతుంటే అదేదో తెగులని భయపడి మందులకు పరుగెత్తేవాళ్లను చూస్తుంటాను.

పెంకు విషయానికి వద్దాం. ఒక గుడ్డు పెంకులో 2 గ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. తిన్నదంతా ఒంటికి పట్టదు, సుమారు సగమే పడుతుంది. అంటే గుడ్డు పెట్టే రోజున పెట్టకు 4 గ్రాముల కాల్షియం, అంటే 10 గ్రాముల గుల్ల కావాలి. చెంచా లెక్కన రెండు చెంచాలు. నీళ్లలో కలిపే టానిక్ చుక్కలతో ఇంత కాల్షియం ఒంట్లోకి వెళ్లడం జరిగే పని కాదు. పైగా ఆ తియ్యటి నీళ్లు ఎండకు పులిసి, కోళ్లు తాగడం తగ్గించేస్తాయి. వెంటనే ఆపేయండి.

దాణా కొట్లో షెల్ గ్రిట్ అని అడిగితే ఇస్తారు. ఆల్చిప్పలు, నత్తగుల్లలు కొట్టి చేసిన పలుకులు అవి. పిండిలా ఉన్నది కాకుండా పెసర గింజంత పలుకులు తెచ్చుకోండి. దానికి కారణం ఉంది. గుడ్డు లోపల పెంకు కట్టుకోవడానికి 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూట, కోడి ఏమీ తినని వేళ జరుగుతుంది. పిండిగా ఉన్న గుల్ల సాయంత్రానికే కరిగి పోతుంది. పలుకులు కందనకాయలో నిలిచి రాత్రంతా కొంచెం కొంచెంగా కరుగుతూ ఉంటాయి. అందుకే మీరు గమనించండి, పెట్టలు గుల్ల గిన్నె దగ్గరకు ఎక్కువగా సాయంత్రమే వస్తాయి. మట్టి మూకుడులో వేరుగా పోసి, గూటికి చేరే దారిలో పెట్టండి. ఎంత తినాలో పెట్టకే తెలుసు. పుంజు, ఇంకా గుడ్లకు రాని పెట్టలు పెద్దగా ముట్టవు. పైన చెప్పిన దాణాలో గుల్ల సగమే వేయించాను, మిగతా సగం ఈ మూకుడు నుంచి అందాలి. కోడిపిల్లలుంటే మాత్రం పెద్దవాటి దాణా వాటికి పెట్టొద్దు, అంత కాల్షియం వాటి మూత్రపిండాలను పాడుచేస్తుంది.

గుల్ల వేరు, రాళ్లు వేరు. కందనకాయలో గింజ నలగడానికి కరగని చిన్న గులకరాళ్లు కావాలి. మీ కోళ్లు దొడ్లో తిరుగుతాయి కాబట్టి అవి వాటికవే ఏరుకుంటాయి, ఆ ఖర్చు మీకు లేదు. తడి సున్నం, సున్నపు ముద్ద పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, నోరూ గొంతూ పుండ్లు పడతాయి. ఇంట్లో వాడిన గుడ్డు పెంకులు పారేయకుండా ఎండబెట్టి, పెనం మీద వేయించి, చేత్తో నలిపి మూకుడులో వేయవచ్చు. పెంకు ఆకారం తెలిసేలా మాత్రం వేయొద్దు. గుడ్డు పొడిచే అలవాటు అలాగే మొదలవుతుంది.

ఆ పొడిచే పెట్ట గురించి. మొదట ఒక పలచని గుడ్డు దానంతట అది పగిలి ఉంటుంది. సొన రుచి తెలిశాక వదలదు. దాన్ని కోసెయ్యాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే వద్దు. గుడ్డు పెట్టే చోటికి గోనె కట్టి చీకటి చెయ్యండి, కింద గడ్డి లేదా ఊక మందంగా పరవండి, పొద్దున 10 గంటల్లోపు రెండు మూడు సార్లు వెళ్లి గుడ్లు తీసేయండి. పెంకు గట్టిపడ్డాక చాలా పెట్టలు మానేస్తాయి. నెల దాటినా మానకపోతే అప్పుడు వేరు చేయవచ్చు.

మీ మరిది చెప్పింది సగం నిజం. పక్షులకు మిరప కారం తెలియదు, కారాన్ని గుర్తించే గ్రాహకం వాటిలో ఆ ఘాటుకు స్పందించదు. కోడి మిరప గింజలను హాయిగా తింటుంది. మిరప ఎరుపు సొనలోకి దిగుతుందన్నదీ నిజమే, పెద్ద ఫారాల్లో సొన రంగు కోసం ఆ ఎరుపు వాడతారు. కానీ యార్డు నుంచి వచ్చిన తాలు కాయను చేతిలోకి తీసుకుని తొడిమ దగ్గర విప్పి చూడండి. ఎన్నో కాయల లోపల గింజల చుట్టూ బూడిద రంగు బూజు కనిపిస్తుంది. వేరుశనగ చెక్కలో చెప్పిన విషం మిరపకూ పడుతుంది. పురుగుమందుల అవశేషాలు ఆ పైన. కొట్టిన మందు మీ ఇంట్లో పిల్లలు తినే గుడ్డులోకి చేరే ప్రమాదం ఎందుకు తెచ్చుకోవడం? ఇంట్లో మీరే ఎండబెట్టుకున్న మంచి కాయలుంటే వారానికి రెండు సార్లు చెంచాడు దంచి కలపండి, చాలు. సంచెడు తాలు కాయలు మాత్రం తిరిగి ఇచ్చేయండి.

అయినా సొన పాలిపోవడానికి అసలు కారణం మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. సొనకు రంగునిచ్చేది కోడి తనంతట తయారు చేసుకోలేదు, మేతలోంచే రావాలి. తెల్ల నూకల్లో, అన్నంలో అది లేదు. పచ్చటి మొక్కజొన్నలో, ఆకుల్లో ఉంది. మునగ చెట్టు మీ వీధిలో ఎక్కడో తప్పక ఉంటుంది. రోజూ పొద్దున్నే రెండు రెమ్మలు దూసి, నీడన ఆరబెట్టి, పొడి చేసుకోండి. ఎండు మునగాకులో ప్రొటీన్ 25 శాతం దాకా ఉంటుంది, కాల్షియమూ ఉంటుంది. దాణాలో నూటికి 5 పాళ్లు కలిపితే రెండు మూడు వారాల్లో సొన పసుపు తిరుగుతుంది. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేసుకుంటుంది.

పత్తి చెక్క విషయంలో మాత్రం ఒక్క పలుకు కూడా వద్దమ్మా. మన గుంటూరు వైపు పత్తి ఎక్కువ, చెక్క చవక, గేదె తింటే పాలు ఇస్తుంది. కోడి తింటే మరో లెక్క. అందులోని గాసిపాల్ అనే విషపదార్థం సొనలోని ఇనుముతో కలిసి, గుడ్డు నాలుగు రోజులు నిల్వ ఉండేసరికి సొనను ఆకుపచ్చ, గోధుమ రంగుల్లోకి తిప్పేస్తుంది. పత్తి గింజ నూనెలో ఉండే కొన్ని కొవ్వుల వల్ల తెల్లసొన గులాబీ రంగుకు మారుతుంది. గుడ్డు పగలగొట్టిన మనిషి కుళ్లిపోయిందని పారేస్తాడు. ఆముదం చెక్క, వేప చెక్క ఎరువు కోసం ఇంట్లో ఉంటే వాటినీ కోళ్లకు అందకుండా మూత వేసి పెట్టండి. ఆముదం చెక్క విషమే.

అజొల్లాకు చాలా గొప్ప చెబుతుంటారు. ఎండు లెక్కన 20, 25 శాతం ప్రొటీన్ ఉన్న మాట వాస్తవం. కానీ మడిలోంచి తీసిన తడి అజొల్లాలో నూటికి 93 పాళ్లకు పైన నీళ్లే. కిలో అజొల్లా వేస్తే ఒంట్లోకి వెళ్లేది 15 గ్రాముల ప్రొటీన్. 8 కోళ్లకు పచ్చికకు బదులుగా, సొన రంగుకు అది బాగుంటుంది, నీడ, నీళ్లు ఉంటే వేసుకోండి. దాణా తగ్గించి దాన్ని నమ్ముకోవద్దు. ప్రొటీన్ కోసమే అయితే నేను ఎండుచేపల పొడికి ఓటేస్తాను. నిజాంపట్నం, సూర్యలంక వైపు నుంచి వచ్చే ఎండుచేపల్లో ఉప్పు వెయ్యకుండా ఎండబెట్టినవి అడిగి తెచ్చుకోండి. దాణాలో నూటికి 3 పాళ్లు మించనివ్వకండి, మించితే గుడ్డు నీసు వాసన వస్తుంది. ఈకలు పొడుచుకునే కోళ్లకు, ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకునే కోళ్లకు ఇది బాగా పనిచేస్తుంది. ఈక దాదాపు అంతా ప్రొటీనే.

మేత మార్పు ఒక్క రోజులో చేయకండి. పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ వారం, పది రోజులు తీసుకోండి. అన్నం పూర్తిగా మానమనను, మిగిలింది పారేయడం మనకు చేతకాదు. సాయంత్రం దాణా తిన్నాక 8 కోళ్లకూ కలిపి ఒక గరిటెడు వేయండి. దాణా మాత్రం పొద్దున తెల్లవారగానే సగం, సాయంత్రం చల్లబడ్డాక సగం. మధ్యాహ్నం నూకలు పూర్తిగా మానండి. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, నడి ఎండలో అది ప్రాణాంతకం కావచ్చు. ఆ వేళ కావలసింది నీళ్లు. మామూలు రోజుల్లో కోడి పావు లీటరు దాకా తాగుతుంది, ఈ ఎండల్లో దానికి రెట్టింపు. మట్టి కుండ పెంకులో చెట్టు నీడన పెట్టి, మధ్యాహ్నం మరోసారి మార్చండి.

ఒక సాయంత్రం గ్రామప్రియ పెట్టను చేతిలోకి తీసుకుని, తోక కింద రెండు ఎముకల మధ్య మీ వేళ్లు పెట్టి చూడండి. గుడ్లు పెట్టే పెట్టకు రెండు మూడు వేళ్లు పడతాయి, పొట్ట మెత్తగా ఉంటుంది. ఎముకలు దగ్గరగా ఉండి, పొట్ట గట్టిగా కొవ్వు పట్టినట్టుంటే అది అన్నంతో ఒళ్లు చేసిన పెట్ట. దానికి దాణా పెంచడం కాదు, అన్నం పూర్తిగా ఆపాలి.

ఇంతా చేశాక గుల్ల తిన్న వారం, పది రోజుల్లో పెంకు గట్టిపడాలి. ప్రొటీన్ ప్రభావం కనిపించడానికి నెల పడుతుంది. రాకపోతే మేత కాక వేరే కారణం వెతకాలి. నట్టల మందు వేసి మూడు నెలలు దాటితే వేయించండి. తుమ్ములు, గురక, ఆకుపచ్చ విరేచనం, మెడ తిప్పుకోవడం లాంటివి ఒక్కటి కనిపించినా అది కొక్కెర తెగులు కావచ్చు, తోలుగుడ్లు దానిలోనూ వస్తాయి. అప్పుడు ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి వెళ్లండి. గ్రామప్రియలు ఏడాదిన్నర దాటినవైతే గుడ్డు పెద్దదవుతుంది, అదే పెంకు ఎక్కువ చోటికి పరుచుకోవాలి కాబట్టి కొంత పలచదనం ఉండనే ఉంటుంది, దానికి కంగారు పడనక్కర్లేదు.

పొదుగు మీద ఉన్న పెట్ట గుడ్లు పెట్టదు కాబట్టి దానికి గుల్ల, ఎక్కువ ప్రొటీన్ అవసరం లేదు. రోజుకు ఒకటి రెండు సార్లు మాత్రమే లేస్తుంది. లేచిన వేళ వెతుక్కోకుండా జొన్నలో, మొక్కజొన్న గింజలో, పక్కనే చల్లటి నీళ్లూ గంపకు రెండడుగుల దూరంలో ఉంచండి. నూకలు మిగిలి ఉంటే వాటిని దానికే వాడుకోవచ్చు.